మెనూ తెరుచుకోలేదు: పాత బ్రౌజర్లలో డ్రాప్‌డౌన్ ఎందుకు మొరాయిస్తుంది, ఎలా సరిచేయాలి

మన సైట్‌లో ఎప్పుడూ కొత్త ఫోన్లు, కొత్త ప్రాసెసర్లు, కొత్త అప్‌డేట్లే కదా. ఈసారి పాత వాటి గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే గతేడాది నేను చేసిన ఒక తప్పు వల్ల గురజాలలో ముగ్గురు పిల్లలు నెట్ సెంటర్లో గంటకు పైగా నిలబడాల్సి వచ్చింది.

విషయం ఇది. నరసరావుపేటలో తెలిసినవాళ్ల కోచింగ్ సెంటర్ ఒకటి ఉంది. పదో తరగతి పిల్లలకి స్కాలర్‌షిప్ టెస్ట్ పెడుతున్నారు, దానికి వెబ్‌సైట్ కావాలన్నారు. వీకెండ్‌లో కూర్చుని చేసిచ్చాను. పైన మెనూ, "పరీక్ష" అన్న చోట మౌస్ పెడితే కింద "రిజిస్ట్రేషన్", "సిలబస్", "సెంటర్లు" అని జారే చిన్న లిస్ట్. నా ల్యాప్‌టాప్‌లో, నా ఫోన్లో, నా ఫ్రెండ్ ఐఫోన్లో చూశాను. సూపర్. పంపించేశాను.

రిజిస్ట్రేషన్‌కి ఇంకో రోజు ఉందనగా సాయంత్రం గురజాల నుంచి ఫోన్. నెట్ సెంటర్ నడిపే ఆయన. "అబ్బాయ్, సైటు చేసింది నువ్వేనంటగా? ఇందులో రిజిస్ట్రేషన్ ఎక్కడుందయ్యా? పరీక్ష అన్న దాని మీద బాణం పెడితే ఏం రావట్లేదు. పిల్లలు ముగ్గురు నిలబడున్నారు. ఒక పాప రెంటచింతల నుంచి వచ్చింది, మళ్లీ బస్సు దొరకదంటోంది."

నేను మొదట అన్న మాట ఏంటంటే, "పేజీ రిఫ్రెష్ చేసి చూడండన్నా". మన సాఫ్ట్‌వేర్ వాళ్లందరి మొదటి మందు అదే. పని చెయ్యలేదు. "ఫైర్‌ఫాక్స్‌లో ట్రై చేయండి" అన్నాను. అందులోనూ అంతే. అప్పుడు క్రోమ్ వెర్షన్ ఫొటో తీసి వాట్సాప్ చేయమన్నాను. ఫొటో వచ్చింది: వెర్షన్ 109. కింద టాస్క్‌బార్ చూడగానే అర్థమైంది, అది విండోస్ 7. ముందు రిజిస్ట్రేషన్ పేజీ డైరెక్ట్ లింక్ ఆయనకి పంపించి, ఆ తర్వాత తలపట్టుకుని కూర్చున్నాను.

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో ఆగిపోయింది. క్రోమ్ ఇంకొన్నాళ్లు నడిపింది, 2023 జనవరిలో వచ్చిన 109 దగ్గర ఆపేసింది. 110 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే. ఆ నెట్ సెంటర్ పీసీలో క్రోమ్ ఎంత అప్‌డేట్ కొట్టినా 109 దగ్గరే ఉంటుంది. మరి ఆయన విండోస్ ఎందుకు మార్చడు అంటారా? 4 జీబీ ర్యామ్ మెషీన్, దానికి తగిలించిన పాత ప్రింటర్, స్కానర్, అన్నీ ఆ డ్రైవర్లతో సెట్ అయి ఉన్నాయి. నడుస్తున్న బండిని ఎవరు కదిలిస్తారు? పల్నాడులోనే కాదు, ఏ చిన్న టౌన్‌లోనైనా ఇలాంటి మెషీన్లు కనిపిస్తాయి.

నేను చేసిన తప్పు ఏంటి?

సీఎస్ఎస్ నెస్టింగ్ అని ఒక కొత్త సౌకర్యం ఉంది. ఇదివరకు ఒక్కో రూల్ విడివిడిగా రాసేవాళ్లం. ఇప్పుడు ఒక రూల్ లోపలే ఇంకో రూల్ రాసేయొచ్చు. కోడ్ చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. ఇది క్రోమ్‌లో 112వ వెర్షన్‌తో వచ్చింది, అంటే 2023 ఏప్రిల్. ఫైర్‌ఫాక్స్‌లో 117తో. గురజాల పీసీలో ఉన్నది క్రోమ్ 109, ఇక ఫైర్‌ఫాక్స్ ఏమో విండోస్ 7 కోసం మొజిల్లా నడుపుతున్న 115 ఈఎస్ఆర్. రెండూ గీతకి అవతలే ఉండిపోయాయి. బ్రౌజర్ మార్చమని నేనిచ్చిన సలహా అందుకే దండగైంది.

తమాషా ఏంటంటే, లోపలి లిస్ట్‌ని దాచే రూల్ నేను పాత టెంప్లేట్ నుంచి తెచ్చుకున్నది, పాత పద్ధతిలోనే ఉంది. తెరిచే రూల్ మాత్రం కొత్త నెస్టింగ్‌లో రాశాను. క్రోమ్ 109కి దాచమన్న మాట అర్థమైంది, తెరవమన్న మాట అర్థం కాలేదు. తాళం వేయడం తెలిసి తీయడం తెలియనివాడికి ఇంటి తాళాలు ఇచ్చినట్టు.

సీఎస్ఎస్‌తో ఇంకో చిక్కు. అర్థం కాని లైన్ కనిపిస్తే బ్రౌజర్ గొడవ చెయ్యదు, దాన్ని వదిలేసి ముందుకి పోతుంది. జావాస్క్రిప్ట్‌లో తప్పుంటే కన్సోల్‌లో ఎర్రగా కనిపిస్తుంది. సీఎస్ఎస్ తప్పుకి క్రోమ్ కన్సోల్‌లో చడీచప్పుడు ఉండదు. పైగా నెస్టింగ్ అర్థం కాని బ్రౌజర్ ఆ లోపలి బ్లాక్‌ని వదిలేస్తూ తర్వాతి సెమీకోలన్ దాకా అన్నీ మింగేస్తుంది. అంటే బ్లాక్ తర్వాత మీరు రాసిన మామూలు లైన్ ఒకటి కూడా దాంతోపాటు గల్లంతు.

ఈ నెస్టింగ్‌లో మరో మెలిక ఆండ్రాయిడ్ వాళ్లకి. ఆండ్రాయిడ్ 7 ఫోన్లకి క్రోమ్ 119 ఆఖరిది. 119లో నెస్టింగ్ ఉంది కదా, పర్లేదు అనుకుంటాం. కానీ మొదట్లో లోపలి రూల్‌ని ట్యాగ్ పేరుతో నేరుగా మొదలుపెట్టడానికి వీల్లేదు, ముందు యాంపర్‌శాండ్ గుర్తు ఉండాలి. ఆ గుర్తు లేకుండా రాసే వెసులుబాటు 120లో వచ్చింది. ఒక్క వెర్షన్ తేడాతో మెనూ పోయినట్టే. కాబట్టి నెస్టింగ్ రాయాలనుకుంటే రాయండి, కానీ సైట్‌లో పెట్టేముందు దాన్ని మామూలు సీఎస్ఎస్‌గా మార్చే టూల్ వాడండి. సాస్ గానీ, పోస్ట్ సీఎస్ఎస్ గానీ ఆ పని చేసిపెడతాయి. నేను ఇప్పుడు అసలు రాయడమే మానేశాను, మెనూ వరకు.

ఈ గొడవ 20 ఏళ్ల నాటిది

మనలో చాలామంది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6ని మీమ్స్‌లోనే చూసుంటారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చింది. ఆ రోజుల్లో వెబ్ డెవలపర్లకి ఇదే డ్రాప్‌డౌన్ పెద్ద తలనొప్పి. కారణం చిన్నదే. ఐఈ 6లో హోవర్ అనేది లింక్ ట్యాగ్ మీద మాత్రమే పనిచేసేది. లిస్ట్ ఐటమ్ మీద హోవర్ అంటే దానికి తెలియదు.

లింక్ మీద పనిచేస్తే చాలు కదా అనిపిస్తుంది. చాలదు. డ్రాప్‌డౌన్ ఎలా కడతామో ఒకసారి చూడండి. ఒక లిస్ట్ ఐటమ్ ఉంటుంది, దాని లోపల "పరీక్ష" అనే లింక్, ఆ లింక్ పక్కనే లోపలి లిస్ట్. మౌస్ "పరీక్ష" మీద నుంచి కిందికి దిగి "రిజిస్ట్రేషన్" మీదకి వెళ్లినా ఇంకా ఆ బయటి లిస్ట్ ఐటమ్ పరిధిలోనే ఉంటుంది, కాబట్టి మెనూ తెరిచే ఉంటుంది. అదే హోవర్ లింక్‌కి కట్టేస్తే, మౌస్ లింక్ దాటిన క్షణంలో మెనూ మూసుకుపోతుంది. కింద ఐటమ్‌ని అందుకునే లోపే మాయం.

దీనికి ఒక మందు 2003 నవంబర్‌లో వచ్చింది. ఎ లిస్ట్ అపార్ట్ అనే వెబ్ పత్రికలో ప్యాట్రిక్ గ్రిఫిత్స్, డాన్ వెబ్ అనే ఇద్దరు "సకర్‌ఫిష్ డ్రాప్‌డౌన్స్" అని ఒక ఆర్టికల్ రాశారు. ఐడియా చాలా సింపుల్. మంచి బ్రౌజర్లకి హోవర్ రూల్ చాలు. ఐఈ కోసం మాత్రం పది పన్నెండు లైన్ల జావాస్క్రిప్ట్: మౌస్ ఐటమ్ మీదకి రాగానే దానికి ఒక క్లాస్ తగిలిస్తుంది, పోగానే తీసేస్తుంది. హోవర్‌కి ఏ స్టైల్ ఉందో ఆ క్లాస్‌కీ అదే స్టైల్. అంతే, మెనూ పనిచేసింది. తర్వాత దీనికే "సన్ ఆఫ్ సకర్‌ఫిష్" అని మెరుగైన వెర్షన్ వచ్చింది. అందులో లోపలి లిస్ట్‌ని పూర్తిగా దాచకుండా స్క్రీన్‌కి ఎడమవైపు చాలా దూరం నెట్టేశారు, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు కూడా ఆ లింకులు వినగలిగేలా. ఐఈ 7 2006లో వచ్చాక హోవర్ గొడవ తీరింది, పేజీ స్టాండర్డ్స్ మోడ్‌లో ఉంటే.

ఐఈ 6లో ఇంకో వింత కూడా ఉండేది. ఫారంలో "జిల్లా ఎంచుకోండి", "మండలం ఎంచుకోండి" అనే సెలెక్ట్ బాక్సులు ఉంటాయి కదా, మెనూ తెరిస్తే అవి మెనూని చీల్చుకుని పైకి కనిపించేవి. సెలెక్ట్ బాక్స్‌ని విండోస్ వేరే కంట్రోల్‌గా గీసేది, దాని మీద పేజీలోని జెడ్-ఇండెక్స్ మాట చెల్లేది కాదు. దానికి జనం కనిపెట్టిన జుగాడ్ ఏంటంటే, మెనూ కింద ఒక ఖాళీ ఐఫ్రేమ్ పరచడం. ఐఫ్రేమ్ సెలెక్ట్ బాక్స్‌ని కప్పేస్తుంది, మెనూ ఐఫ్రేమ్ మీద కూర్చుంటుంది. తలచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పట్లో ఇది సీరియస్ టెక్నిక్.

ఐఈ 6, 7లలో జెడ్-ఇండెక్స్ బగ్ కూడా ఒకటుంది. పొజిషన్ రిలేటివ్ ఇచ్చిన ప్రతి డబ్బా, మీరు నంబర్ ఇవ్వకపోయినా, తన లోపలి వాటికి తనే ఒక గోడ కట్టేసేది. మెనూకి 9999 ఇచ్చినా ఆ గోడ లోపలే 9999. కింద ఉన్న బ్యానర్ దాన్ని కప్పేసేది. మందు: నంబర్ మెనూకి కాదు, మెనూని మోస్తున్న బయటి హెడర్‌కి ఇవ్వాలి. ఐఈ 7 పోయింది గానీ ఈ జబ్బు పోలేదు. ఇవాళ హెడర్‌కి ట్రాన్స్‌ఫామ్ గానీ, ఒపాసిటీ గానీ, ఫిల్టర్ గానీ ఇస్తే ఏ బ్రౌజర్‌లోనైనా అలాంటి గోడే లేస్తుంది. ఈసారి అది బగ్ కాదు, రూలే. స్లైడర్ కిందకి మెనూ దూరిపోతోంది అని ఎవరైనా అడిగితే ముందు హెడర్ చూడమనండి.

కామా ఒక్కటి కొంప ముంచుతుంది

ఇది చాలామందికి తెలియదు, నాకూ ఆ రాత్రి వెతుకుతుంటేనే తగిలింది. కీబోర్డ్‌తో వాడేవాళ్ల కోసం హోవర్ పక్కన ఫోకస్-వితిన్ కూడా పెడతాం. ఐటమ్ లోపల దేని మీద ఫోకస్ ఉన్నా మెనూ తెరిచి ఉంటుంది, మంచి అలవాటే. కానీ చాలా చోట్ల ఈ రెండింటినీ కామా పెట్టి ఒకే రూల్‌గా రాస్తారు. సీఎస్ఎస్ నియమం ఏంటంటే, కామాలతో రాసిన సెలెక్టర్లలో ఒక్కటి అర్థం కాకపోయినా రూల్ మొత్తం చెత్తబుట్టలోకి. ఫోకస్-వితిన్ తెలియని బ్రౌజర్‌లో ఫోకస్ ఒక్కటే కాదు, చక్కగా పనిచేసే హోవర్ కూడా చచ్చిపోతుంది.

ఎవరికి తెలియదు? ఐఈ 11కి తెలియదు. క్రోమ్ 60కి ముందున్న వాటికి తెలియదు. ఫైర్‌ఫాక్స్‌లో 52తో వచ్చింది. ఇక్కడే మన జియోఫోన్ గుర్తుకు రావాలి. అందులో నడిచే కైఓఎస్ 2.5 లోపల ఉన్నది ఫైర్‌ఫాక్స్ 48 నాటి ఇంజిన్. అంటే 2016 ఆగస్టు సరుకు. మా ఇంట్లోనే అమ్మమ్మ దగ్గర ఒకటుంది, ఇంకా బ్రహ్మాండంగా పనిచేస్తోంది. కాబట్టి రెండు రూల్స్ విడివిడిగా రాయండి. నాలుగు లైన్లు ఎక్కువైతే పోయేదేం లేదు.

జావాస్క్రిప్ట్‌లో దీని అన్న ఉన్నాడు. ప్రశ్నార్థకం, చుక్క కలిపి రాసే ఆప్షనల్ చైనింగ్ క్రోమ్ 80, ఫైర్‌ఫాక్స్ 74తో వచ్చింది. పాత బ్రౌజర్‌కి అది ఫైల్‌లో ఎక్కడో చివర ఒక్కచోట కనిపించినా సింటాక్స్ ఎర్రర్, ఫైల్ మొత్తం నడవదు. మెనూ కోడ్ మొదటి పది లైన్లలో ఉన్నా సరే. ఇంకొకటి, పేజీలోంచి ఎలిమెంట్లు తెచ్చుకుని నేరుగా ఫర్-ఈచ్ తిప్పడం. అది ఫైర్‌ఫాక్స్ 50తో వచ్చింది, కైఓఎస్ 48 దగ్గర ఆగిపోయింది. మామూలు ఫర్ లూప్ రాస్తే ఎక్కడైనా నడుస్తుంది.

వేలికి హోవర్ లేదు

ఫోన్ సంగతి వేరు. మౌస్ ఉంటే "మీద పెట్టడం", "నొక్కడం" రెండు పనులు. వేలికి ఒకటే పని. బ్రౌజర్లు ఏదో సర్దుబాటు చేస్తాయి. ఐఫోన్ సఫారీ మొదటి ట్యాప్‌ని హోవర్‌గా తీసుకుని, పేజీలో ఏదైనా కొత్తగా కనిపిస్తే అక్కడ ఆగుతుంది, రెండో ట్యాప్‌కి లింక్ తెరుస్తుంది. ఆండ్రాయిడ్ క్రోమ్ అలా ఆగదు. "పరీక్ష" అనే మాట నిజమైన లింక్ అయితే, ట్యాప్ చేయగానే ఆ పేజీకి వెళ్లిపోతుంది. మెనూ తెరుచుకున్న సంగతి మీ కంటికి కనిపించే లోపే. ఐఫోన్లో టెస్ట్ చేసి ఓకే అనుకోవడం అందుకే ప్రమాదం.

మైక్రోసాఫ్ట్ టచ్ ల్యాప్‌టాప్‌లతో ఐఈ 10 తెచ్చినప్పుడు దీనికి ఒక దొడ్డిదారి ఇచ్చింది: ఏరియా-హ్యాజ్‌పాపప్ అనే గుణం "ట్రూ" అని పెడితే ట్యాప్‌ని హోవర్‌గా చూసేది. అందులో తప్ప ఇంకెక్కడా దాన్ని నమ్ముకోలేం.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మెనూ తెరవడానికి హోవర్‌ని నమ్ముకోవడం ఇక మానేయాలి. క్లిక్ అనేది ఐఈ 6కీ తెలుసు, జియోఫోన్‌కీ తెలుసు, రేపు వచ్చే ఫోల్డబుల్‌కీ తెలుసు. హోవర్ ఉంటే అదనపు సుఖం, అంతవరకే.

మన ఒత్తులు ఎక్కడ పోయాయి?

ఇది ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో దొరకని సమస్య. నా మెనూలో "సెంటర్లు" కింద ఊళ్ల పేర్లు పెట్టాను: నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల, మాచర్ల, పిడుగురాళ్ల. గురజాల ఆయన పంపిన ఇంకో ఫొటోలో మాచర్ల కాస్తా "మాచర" అయిపోయింది. పిడుగురాళ్లలో కింద ఒత్తు సగమే ఉంది. గురజాలకి మాత్రం ఏం కాలేదు, ఒత్తు లేదు కదా.

కారణం: ప్రతి ఐటమ్‌కి ఎత్తు 28 పిక్సెల్స్ అని ఫిక్స్ చేసి, లైన్-హైట్ బిగించి, బయటికి వచ్చింది దాచేయమని ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టాను. ఇంగ్లిష్ అక్షరాలకి అది సరిపోతుంది. మన అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు. పైగా ఒక్కో సిస్టమ్‌లో ఒక్కో ఫాంట్. ఎక్స్‌పీలో గౌతమి, విండోస్ 7లో దానికి తోడు వాణి, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ, ఆండ్రాయిడ్‌లో నోటో. అన్నింటి ఎత్తులూ ఒకటి కావు. నా విండోస్ 11లో సరిగ్గా ఇమిడిన పేరు అక్కడ కింద తెగింది.

సరిచేయడం తేలికే. ఎత్తు ఫిక్స్ చేయకండి, పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వండి. లైన్-హైట్ 1.6 దాకా పెట్టండి. వెడల్పు కూడా ఫిక్స్ చేయకండి, కనీస వెడల్పు ఇచ్చి వదిలేయండి, "నరసరావుపేట" అంత పొడుగు పేరు రెండు లైన్లకి విరిగితే చూడ్డానికి బాగోదు.

చివరికి ఎలా కట్టాను

ఆ రాత్రే మెనూ మొత్తం మళ్లీ రాశాను. "పరీక్ష" అనేది ఇప్పుడు లింక్ కాదు, బటన్. టైప్ కూడా బటన్ అని రాశాను, లేకపోతే ఫారం లోపల పడితే సబ్మిట్ అయి కూర్చుంటుంది. బటన్ వెంటనే లోపలి లిస్ట్. నొక్కితే జావాస్క్రిప్ట్ ఒకే ఒక పని చేస్తుంది: బటన్ మీద ఉన్న ఏరియా-ఎక్స్‌పాండెడ్ విలువని "ఫాల్స్" నుంచి "ట్రూ"కి, మళ్లీ నొక్కితే వెనక్కి. సీఎస్ఎస్ ఆ విలువ చూసి పక్కనున్న లిస్ట్‌ని చూపిస్తుంది. గుణాన్ని బట్టి ఎంచుకునే సెలెక్టర్, పక్కదాన్ని పట్టే ప్లస్ గుర్తు, రెండూ ఐఈ 7కే తెలుసు. స్క్రీన్ రీడర్‌కి మెనూ తెరిచి ఉందో మూసి ఉందో ఉచితంగా తెలిసిపోతుంది.

ఎస్కేప్ కీ నొక్కితే మూసుకోవాలి. ఇక్కడ ఐఈ, పాత ఎడ్జ్ ఆ కీ పేరుని కురచగా "ఎస్క్" అని ఇస్తాయి, మిగతావి "ఎస్కేప్" అని. కీ కోడ్ 27 చూసుకుంటే గొడవ లేదు. పాతబడిన పద్ధతే గానీ అంతటా పనిచేస్తుంది.

అసలు ముఖ్యమైన మార్పు ఇది. ఇదివరకు మెనూ మొదట దాగి ఉండేది, ఏదో ఒకటి వచ్చి తెరవాలి. ఇప్పుడు తిరగేశాను. పేజీ రాగానే అన్ని లింకులూ తెరిచే ఉంటాయి. నా స్క్రిప్ట్ సక్రమంగా మొదలైతే, అది పేజీకి ఒక క్లాస్ తగిలిస్తుంది. ఆ క్లాస్ ఉంటేనే లోపలి లిస్టులు దాగుతాయి. ఆ క్లాస్ తగిలించే లైన్, మెనూ తెరిచే కోడ్, రెండూ ఒకే ఫైల్‌లో ఉండాలి. విడదీస్తే మళ్లీ మొదటికే వస్తాం, దాచేవాడు వస్తాడు, తెరిచేవాడు రాడు. ఒకే ఫైల్‌లో ఉంటే, బ్రౌజర్‌కి ఆ ఫైల్ అర్థం కాకపోయినా, టవర్ సరిగ్గా లేక ఫైల్ రాకపోయినా, పేజీ కాస్త పొడుగ్గా, అందం లేకుండా కనిపిస్తుంది. కానీ "రిజిస్ట్రేషన్" అన్న మాట కళ్ల ముందే ఉంటుంది.

పాపోవర్ అనే కొత్త హెచ్‌టీఎంఎల్ సౌకర్యం వాడొచ్చు కదా అని కామెంట్లలో అడుగుతారని తెలుసు. బాగుంటుంది, క్రోమ్ 114 నుంచి ఉంది. అది తెలియని బ్రౌజర్‌లో ఆ డబ్బా దాగకుండా మామూలుగా కనిపించేస్తుంది, అదీ మంచిదే. కానీ తెరిచే బటన్ పనిచెయ్యదు, మీ సీఎస్ఎస్‌లో ఎక్కడైనా దాచమని రాసి ఉంటే మళ్లీ నా కథే. ఇంకో రెండు మూడేళ్లు ఆగుతాను.

టెస్టింగ్‌కి ఖరీదైన సర్వీసులేం వాడలేదు. అమ్మమ్మ జియోఫోన్, డ్రాయర్‌లో పడున్న ఆండ్రాయిడ్ 7 ఫోన్, గురజాల నెట్ సెంటర్. అర్ధరాత్రి దాటాక కొత్త ఫైల్స్ ఎక్కించి, పొద్దున్నే ఆయనకి ఫోన్ చేశాను. కాసేపు మౌస్ చప్పుడు వినిపించింది.

"వచ్చిందయ్యా. నొక్కితే కింద పడుతోంది. మాచర్ల కూడా మాచర్ల లాగే ఉంది."

ముందు రోజు డైరెక్ట్ లింక్‌తో ముగ్గురి పనీ అయిపోయిందట. రెంటచింతల పాప బస్సు మాత్రం వెళ్లిపోయింది, వాళ్ల నాన్న బండి మీద వచ్చి తీసుకెళ్లాడట. ఆయన ఇంకో మాట కూడా అడిగాడు: మధ్యాహ్నం నలుగురు పిల్లలు మెనూ రాక రేపు వస్తామని వెళ్లిపోయారు, వాళ్లకి ఎలా చెప్పాలి అని. కోచింగ్ సెంటర్ వాళ్లతో మాట్లాడి రిజిస్ట్రేషన్ గడువు ఇంకో రెండు రోజులు పెంచమన్నాను. పెంచారు. ఆ నలుగురిలో ముగ్గురు వచ్చారు.